పాత 1210 లారీతో నా మొదటి పద్నాలుగు నెలలు

గుడివాడ దగ్గర ఒక రైసుమిల్లు వెనకాల, చింతచెట్టు కింద, పద్దెనిమిదేళ్లుగా కదలని లారీ ఒకటి ఉందని మా ఆఫీసులో అటెండరు చెప్పాడు. ఆదివారం వెళ్లి చూశాను. ముందు బానెట్ ఉన్న పాత టాటా 1210. ఒక హెడ్‌లైటు లేదు, డ్రైవరు వైపు తలుపు మడతబందు ఊడి వేలాడుతోంది, క్యాబిన్‌లోంచి తుమ్మమొక్క ఒకటి పైకి లేచింది. పాత ఇనుము వ్యాపారితో బేరం కుదిరిపోయిందని, మంగళవారం గ్యాస్ కట్టర్‌తో కోసేస్తారని వాచ్‌మన్ అన్నాడు. ఆ రోజే మిల్లు యజమాని ఇంటికి వెళ్లి బతిమాలుకున్నాను. ఇనుము ధర మీద కిలోకి రెండు రూపాయలు ఎక్కువ ఇస్తానన్నాను. క్రేను పెట్టి ట్రెయిలర్ ఎక్కించి కాటా వేయిస్తే నాలుగు టన్నుల పైచిలుకు తూగింది. అప్పటికి నేను పానా చేత్తో పట్టుకున్నదే లేదు. ఉద్యోగం లెక్కల విభాగంలో.

ఈ లారీయే ఎందుకంటే, మా నాన్న ఇలాంటిదే ఇరవై రెండేళ్లు నడిపాడు. గుంటూరు నుంచి మిరప టిక్కీలు, అంటే మిరపకాయల బస్తాలు వేసుకుని కలకత్తా వెళ్లేవాడు. తిరిగి వచ్చేటప్పుడు ఏ లోడు దొరికితే అది. అర్ధరాత్రి మా వీధి మొదట్లో గేరు తగ్గించగానే ఆ ఇంజను చప్పుడుకి నేను నిద్ర లేచేదాన్ని. నాన్న నడిపిన బండి ఎప్పుడో తునాతునకలైంది. ఇది అది కాదు. అయినా ఆ రకం బండి ఒకటి నా కళ్ల ముందు ముక్కలవుతుంటే చూస్తూ ఊరుకోలేకపోయాను.

నాన్న దీన్ని చివరిదాకా ‘బెంజి’ అనే పిలిచాడు. అందుకు కారణం ఉంది. టాటాల టెల్కో కంపెనీ 1954లో జర్మనీ డైమ్లర్-బెంజ్‌తో పదిహేనేళ్ల ఒప్పందం చేసుకుని లారీలు తయారుచేయడం మొదలుపెట్టింది. 1969లో ఒప్పందం ముగిశాక ముందున్న మూడు రేకుల నక్షత్రం పోయి టాటా గుర్తు వచ్చింది. బండి స్వభావం మాత్రం చాలాకాలం అదే. 1210 అన్న అంకెలో కూడా ఆ జర్మన్ పద్ధతే ఉంది: లోడుతో కలిపి 12 టన్నులు, సుమారు 100 హార్స్‌పవర్. ఇంజను పేరు 692, అంటే ఆరు సిలిండర్లు, ఒక్కోటి 92 మిల్లీమీటర్ల బోరు. ఈ సంగతులన్నీ నాకు తర్వాత తెలిశాయి. మొదట్లో తెలిసుంటే కొంత డబ్బు మిగిలేది. ఉదాహరణకు, అంగుళాల కొలతల పానాల సెట్టు కొనేదాన్ని కాదు. ఈ బండికి 13, 17, 19, 22, 24 మిల్లీమీటర్ల పానాలు కావాలి.

బండిని విజయవాడ ఆటోనగర్ పక్కనే కానూరులో ఒక రేకుల షెడ్డు అద్దెకు తీసుకుని పెట్టాను. మొదటి నెలలో చేసినవన్నీ తప్పులే, కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు పనికొస్తాయని చెబుతున్నాను. మొదటి శనివారమే రంగు డబ్బాలు, మెరిసే హెడ్‌లైట్ రింగులు కొన్నాను. మూడో వారానికల్లా బానెట్, మడ్‌గార్డులు, డాష్‌బోర్డు, వైరింగు విప్పేశాను. ఊడిన బోల్టులన్నీ ఒకే బకెట్‌లో వేశాను. ఏది ఎక్కడిదో గుర్తుంటుందనుకున్నాను. గుర్తులేదు. ఆ బకెట్‌ని వేరుచేయడానికి తర్వాత నాలుగు ఆదివారాలు పట్టింది. కొన్ని బోల్టులకు ఈరోజుకీ చోటు తెలియదు.

ఆ బకెట్ ముందు కూర్చుని ఉండగా పక్క షెడ్డులో గేర్‌బాక్సులు చేసే మేస్త్రి గారు వచ్చారు. డెబ్బై దాటాయి. చిన్నప్పుడు ఇదే ఆటోనగర్‌లో 1210ల కింద పడుకుని పని నేర్చుకున్న మనిషి. బండి చుట్టూ ఒకసారి తిరిగి, ఛాసిస్ మీద చెయ్యి వేసి అడిగారు.

“అమ్మాయ్, దీన్ని కొత్తదాన్ని చేద్దామనా, బతికిద్దామనా?”

రెండూ ఒకటే కదా బాబాయ్ అన్నాను.

“కాదు తల్లీ. కొత్తది చేయాలంటే ఉన్నదంతా తీసి పారేయాలి. బతికించాలంటే ఏది పారేయకూడదో ముందు తెలియాలి.”

ఆ రోజు నుంచి నేను పని చేసే పద్ధతి మారిపోయింది. రెండు వందల పేజీల నోటుపుస్తకం కొన్నాను. ఏది విప్పినా విప్పకముందు ఫోనులో ఫొటో, పుస్తకంలో బొమ్మ, ఊడిన బోల్టులు మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో, డబ్బా మీద పేరు, తేదీ. ఒక పని పూర్తిగా ముగిసేదాకా ఇంకొకటి విప్పను. బోల్టు ఊడి వచ్చిన రంధ్రంలోనే మళ్లీ నాలుగు మరలు తిప్పి పెట్టడం అన్నిటికన్నా మంచిదని మేస్త్రి గారు నేర్పారు. డబ్బా పోవచ్చు, రంధ్రం పోదు.

కాగితాల సంగతి కొనే ముందే చూసుకోవాలి. నా అదృష్టం, మిల్లు బీరువాలో అసలు ఆర్‌సీ పుస్తకం దొరికింది. ఛాసిస్ మీద కొట్టిన నంబరుపై కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ప్రింటు తీసుకుని పుస్తకంతో సరిచూశాను. ఇంజను నంబరు కూడా. రెండూ కలిశాయి. కానీ మూడు నెలలకోసారి కట్టాల్సిన పన్ను ఏళ్ల తరబడి బాకీ ఉంది, ఫిట్‌నెస్ ఎప్పుడో అయిపోయింది. 50 ఏళ్లు దాటిన బండ్లను వింటేజ్‌గా రిజిస్టర్ చేసుకోవచ్చని, నంబరులో వీఏ అక్షరాలు వస్తాయని కేంద్రం 2021 జులైలో నిబంధన తెచ్చింది కదా, ఇదీ అందులోకి వస్తుందనుకున్నాను. రాదు. అది ద్విచక్ర వాహనాలకు, సొంతానికి వాడుకునే కార్లు, జీపుల్లాంటి వాటికి. సరకు లారీలు ఆ నిర్వచనంలో లేవు. నాకు ఇది చాలా బాధ కలిగించింది. ఈ దేశంలో ఊళ్లకు ఊళ్లు లారీల మీద బతికాయి. రాజుగారి కారుకు దొరికే గుర్తింపు ధాన్యం మోసిన లారీకి ఎందుకు దొరకకూడదు? ప్రస్తుతానికి నా బండి రోడ్డెక్కదు. షెడ్డు ఆవరణలోనే కదులుతుంది. ఎక్కడికైనా తీసుకెళ్లాలంటే ట్రెయిలర్ మీదే. ఆ మాటకు సిద్ధపడే మిగతా పని మొదలుపెట్టాను.

ఇంజను దగ్గర నేను అందరికన్నా ఎక్కువ భయపడ్డాను, అందుకే అందరికన్నా ఎక్కువ నేర్చుకున్నాను. ఏళ్లుగా ఆగిపోయిన ఇంజనుకి బ్యాటరీ కట్టి సెల్ఫ్ కొట్టకూడదు. పిస్టన్ రింగులు తుప్పుతో లైనరుకు, అంటే సిలిండరు లోపలి గోడకు, అతుక్కుని ఉంటే అక్కడే విరుగుతాయి. ముందు ఆయిల్ గేజి తీసి చూశాం. ఆయిల్ తారులా ఉంది గానీ పాలరంగు తిరగలేదు, అంటే నీళ్లు కలవలేదు. ఎయిర్ క్లీనరు మూత తీస్తే లోపల ఎలుక గూడు, నిండా ఊక. రైసుమిల్లు బండి కదా. ఆ ఊకంతా చేత్తో తీసి, ఇంజనులోకి వెళ్లే గొట్టం లోపల లైటు వేసి చూసి, గుడ్డతో తుడిచేసరికి ఒక పూట పట్టింది.

తర్వాత సిలిండర్లలోకి డీజిలు చిమ్మే ఆరు ఇంజెక్టర్లూ విప్పాం. ఆ రంధ్రాల్లోంచి ఒక్కో సిలిండర్‌లో డీజిలు, ఇంజనాయిలు కలిపిన మిశ్రమం చిన్న గ్లాసెడు పోసి, గుడ్డ ఉండలతో మూసి వదిలేశాం. రోజూ ఆఫీసు నుంచి వచ్చాక ఇంజనును తిప్పే ఇరుసు, అంటే క్రాంక్ చివరి నట్టుకి పెద్ద పానా తగిలించి మెల్లగా అటూ ఇటూ ఒత్తి చూసేదాన్ని. పైపు తొడిగి బలం పెట్టొద్దని మేస్త్రి గారి ఆజ్ఞ. పది రోజులు ఏమీ లేదు. పదకొండో రోజు సాయంత్రం బొటనవేలి మందం కదిలింది. ఆ రాత్రి ఇంటికి వెళ్లి అన్నం తినాలన్న ధ్యాస కూడా లేదు. ఇంకో నాలుగు రోజులకి చుట్టూ తిరిగింది. ఇంజెక్టర్లు బిగించే ముందు ఆ ఖాళీ రంధ్రాలతోనే ఇంజనును బాగా తిప్పి, పోసిన ఆయిలంతా బయటికి చిమ్మేలా చేయాలి. లోపల ద్రవం మిగిలితే పిస్టన్ దాన్ని నొక్కలేక కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది.

ఇంజనుకి డీజిలు పంపు గుండె లాంటిది. మా దాని మీద మైకో అన్న పేరు ఉంది. బాష్ కంపెనీకి మన దేశంలో అప్పట్లో ఉన్న పేరు అది. పంపు విప్పే ముందు దాన్ని ఇంజనుకి కలిపే కప్లింగు మీదా ఇంజను మీదా కలిపి ఉలితో సన్నని గీత గీశాం. బిగించేటప్పుడు ఆ రెండు గీతలూ కలవాలి, లేదంటే టైమింగు, అంటే డీజిలు సిలిండర్‌లో పడాల్సిన సమయం, తప్పుతుంది. ఆటోనగర్‌లో పంపులు చేసే ఒక భాయ్ దగ్గరికి తీసుకెళ్లాను. పంపులో డీజిలు తోసే కడ్డీలు, ప్లంజర్లు, ఆరింటిలో రెండు పట్టేసి ఉన్నాయి. శుభ్రం చేసి, అరిగినవి మార్చి, బెంచి మీద ఎక్కించి తిప్పుతుంటే ఆరు గాజు గొట్టాల్లో డీజిలు నిండుతుంది. ఆరూ ఒకే ఎత్తులో నిండాలి. ఇంజెక్టర్ల మొనలు, అంటే నాజిళ్లు పరీక్షించేటప్పుడు డీజిలు పొగమంచులా రావాలి, చుక్కలుగా కారకూడదు. నా ఆరింటిలో మూడు కారాయి, మార్చాం. మొత్తం ముప్పై వేలకు కొంచెం తక్కువైంది. ఇంతదాకా పెట్టిన ఖర్చుల్లో నేను ఒక్క రూపాయి కూడా బాధపడనిది ఇదే.

ట్యాంకు అడుగున తేనె పాకంలా గడ్డకట్టిన పాత డీజిలు ఉంది. దాన్ని కడిగించడానికి టైము పడుతుందని, మొదటిసారి స్టార్ట్ చేయడానికి ఐదు లీటర్ల క్యాను పైన వేలాడదీసి అందులోంచే గొట్టం ఇచ్చాం. ఫిల్టరు మీద స్క్రూ వదులు చేసి, ఫీడ్ పంపు మీట చేత్తో కొడుతూ ఉంటే మొదట బుడగలు, తర్వాత శుభ్రమైన డీజిలు వచ్చింది. గాలి పోయిందని అర్థం. ఆ మాత్రం గాలి మిగిలినా డీజిలు ఇంజను స్టార్ట్ కాదు.

సెల్ఫ్ కొట్టే ముందు మేస్త్రి గారు ఒక సాపు చెక్క తీసుకుని ఇంజను పక్కన, గాలి లోపలికి వెళ్లే మూతి దగ్గర నిలబడ్డారు. ఎందుకని అడిగాను. పంపులో డీజిలు ఎంత పోవాలో సరిచేసే కడ్డీ, రాక్, పట్టేసి ఉంటే ఇంజను తనంతట తాను వేగం పెంచుకుంటూ పోతుందట. ఇంజను ఆపడానికి లాగే స్టాప్ వైరు లాగినా ఆగదు. అప్పుడు గాలి మూసేయడం ఒక్కటే దారి. చేత్తో మూస్తే చెయ్యి లాగేసుకుంటుంది, గుడ్డ పెడితే లోపలికి పీల్చేస్తుంది. అందుకే చెక్క. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఎవరైనా ఈ ఒక్క మాటను దయచేసి గుర్తుపెట్టుకోండి. చెక్క పట్టుకున్న మనిషి లేకుండా పాత డీజిలు ఇంజనును మొదటిసారి స్టార్ట్ చేయొద్దు.

చెక్క అవసరం రాలేదు. మూడో ప్రయత్నంలో తెల్లటి పొగ కక్కుతూ, కుంటుతూ, నాలుగు సిలిండర్ల మీద అందుకుంది. కాసేపటికి ఐదోది, ఆరోది. 1-5-3-6-2-4, సిలిండర్లలో డీజిలు మండే వరస నాకు అప్పటికి కంఠతా వచ్చు. ఆయిల్ ప్రెషరు ముల్లు లేచిందా లేదా అని చూస్తూ నలభై సెకన్లు ఉంచి స్టాప్ వైరు లాగాను. ఆ చప్పుడు నాకు తెలుసు. మా వీధి మొదట్లో వినపడేదే. షెడ్డులో పొగ పోయేదాకా ఎవరం ఏమీ మాట్లాడలేదు.

చక్రాల దగ్గర రెండు పాఠాలు. ఎడమవైపు చక్రాల నట్లకు తిరగబడ్డ మర ఉంటుంది. కుడివైపు నట్లు వదులయ్యే దిక్కుకి తిప్పితే అవి ఇంకా బిగుసుకుంటాయి. నాకు తెలియక పైపు తొడిగి బలంగా తిప్పి ఒక స్టడ్డు విరగ్గొట్టాను. రెండోది లాక్ రింగు. 9.00-20 టైరు రిమ్ముకి అంచున ఒక ఇనుప రింగు పట్టి ఉంచుతుంది. తుప్పు పట్టిన రింగు గాలి కొట్టేటప్పుడు ఎగిరితే మనిషి ప్రాణం తీస్తుంది. టైరును ఇనుప పంజరంలో పెట్టి, దూరంగా నిలబడి గాలి కొట్టే షాపుకే తీసుకెళ్లాను. జాకీ మీద నిలిపిన బండి కిందికి దూరకూడదని వేరే చెప్పక్కర్లేదు. నేను మాత్రం దుంగలు పేర్చిందాకా చెయ్యి కూడా లోపల పెట్టను. పాత బ్రేకు లైనింగుల దుమ్ములో ఆస్బెస్టాస్ ఉంటుంది. కంప్రెసర్‌తో ఊదకుండా, నీళ్లతో తడిపి, మాస్కు పెట్టుకుని తుడిచాం.

వైరింగు గురించి చెప్పడానికి పెద్దగా లేదు. ఎలుకలు ఏమీ మిగల్చలేదు. ఎలక్ట్రీషియన్ రెండు రోజుల్లో కొత్తది వేశాడు.

క్యాబిన్ దగ్గర మాత్రం నేను నెల రోజులు చెయ్యి వేయకుండా ఆగాను. అప్పట్లో కంపెనీ ఛాసిస్, ఇంజను, ముందు మూతి, బానెట్ ఇచ్చి పంపేది. వెనక క్యాబినూ సరకు బాడీ ఎక్కడికక్కడ కట్టించుకునేవాళ్లు. మన వైపు బళ్లు చాలావాటికి ఆటోనగర్ వడ్రంగులు టేకు చట్రం కట్టి, పైన రేకు దిగ్గొట్టేవాళ్లు. కాబట్టి ‘కంపెనీ నుంచి వచ్చినట్టు’ చేయడమన్న మాటకి ఇక్కడ అర్థం లేదు. బండి ముందు సగం కంపెనీది, వెనక సగం ఈ ఊరిది. వెనక సగం ఎవరి చేతి పనో ఏ పుస్తకంలోనూ రాసి లేదు. దాన్ని తీసేసి కొత్త ఇనుప క్యాబిన్ పెడితే పని తొందరగా అయిపోతుంది, చవగ్గా కూడా అయిపోతుంది. చాలామంది అదే సలహా ఇచ్చారు.

టింకరింగ్ కుర్రాడు గ్రైండరుతో తలుపు రంగు గీకుతుంటే, ఆకుపచ్చ పొర కింద పసుపు, దాని కింద ఎరుపు మీద తెల్లటి అక్షరం అంచు కనబడింది. ఆపమన్నాను. మిగతాది నేనే సన్నటి ఎమెరీ కాగితాన్ని నీళ్లలో ముంచి రుద్దుకుంటూ వెళ్లాను, మూడు ఆదివారాలు. గుండ్రటి, నిండైన చేతి రాత. ‘శ్రీ కనకదుర్గా ప్రసన్న’ అని, కింద చిన్న తామరపువ్వు, దాని కింద సగం చెరిగిన ఊరి పేరు, ‘…వాడ’. బెజవాడో గుడివాడో తెలియదు. ఇప్పుడు కంప్యూటర్‌లో కత్తిరించి అతికించే స్టిక్కరు అక్షరాలకు ఆ ఒంపు రాదు. ఆ తలుపుకి రంగు వేయడం లేదు. తుప్పు ఆపే మందు రాసి, పైన పారదర్శకమైన వార్నిష్ మాత్రం కొట్టించాను. మొదటి శనివారం కొన్న రంగు డబ్బాలు ఇంకా మూత తీయకుండానే ఉన్నాయి.

ఇక బ్రేకులు. ఇంజను స్టార్టయ్యాక చూడ్డానికి వచ్చినవాళ్లందరూ ఒకసారి కదిలించి చూపించమన్నారు. నాకూ మనసు లాగింది. మేస్త్రి గారు ఒప్పుకోలేదు. గేర్ లివరు తీసి తన షెడ్డులో పెట్టుకున్నారు. “ఆగడం రానిది నడవకూడదు” అన్నారు. దాదాపు మూడు నెలలు దీనికే పోయాయి. ఇవి ఆయిల్ బ్రేకులు. పెడలు తొక్కితే ఆయిల్‌ను చక్రాలకు తోసే మాస్టర్ సిలిండరు లోపల గుంతలు పడి పనికిరాకుండా పోయింది. చక్రాల సిలిండర్లలో రబ్బర్లు తారులా కరిగి అతుక్కున్నాయి. ఇనుప పైపులు చేత్తో వంచితే పొడిగా రాలాయి. పైపులన్నీ కొత్తవి వంపించి వేయించాం. సిలిండర్లు, కిట్లు ఆటోనగర్‌లో ఇప్పటికీ దొరుకుతున్నాయి. ఈ మోడల్ ఎంచుకోవడంలో కొత్తవాళ్లకు ఉన్న పెద్ద సుఖం అదే. దేశమంతా ఏళ్ల తరబడి తిరిగిన బండి కాబట్టి విడిభాగం కోసం విదేశాలకు రాయక్కర్లేదు.

బ్రేకు పైపుల్లోంచి గాలి తీయడం ఇద్దరి పని. మాస్టర్ సిలిండరుకి అన్నిటికన్నా దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టాలి. నేను క్యాబిన్‌లో, ఆయన చక్రం దగ్గర. “తొక్కు… తొక్కు… తొక్కి పట్టు” అనేవారు. నేను పట్టి ఉంచితే ఆయన స్క్రూ వదిలేవారు, పెడలు నేలకి దిగిపోయేది, ఆయన స్క్రూ బిగించాకే నేను కాలు తీయాలి. మధ్యలో డబ్బాలో ఆయిలు అయిపోకూడదు, అయిపోతే మళ్లీ మొదటి నుంచి. ఒకసారి అయిపోయింది. మళ్లీ మొదటి నుంచి చేశాం. నాలుగో రోజు సాయంత్రం పెడలు సగంలోనే రాయిలా ఆగింది. రాత్రికి చక్రాల కింద పాత పేపర్లు పరిచి వెళ్లాం. పొద్దున వచ్చి చూస్తే ఒక్క చుక్క మచ్చ లేదు. మేస్త్రి గారు ఆ పేపరు చేత్తో తడిమి చూసి, వెళ్లి గేర్ లివరు తెచ్చి ఇచ్చారు.

మొదటి గేరు. క్లచ్ వదులుతుంటే బండి మొత్తం ఒకసారి వణికి, ముందుకు కదిలింది. గేటు దాకా పన్నెండు, పదమూడు మీటర్లు ఉంటుంది. సగం దూరంలో బ్రేకు తొక్కాను. ఆగింది. ఒక పక్కకి లాగకుండా, నిటారుగా ఆగింది. దిగి చూస్తే మట్టిలో రెండు చారలు సమానంగా ఉన్నాయి. మేస్త్రి గారు ఆ చారల పక్కన గొంతుకూర్చుని చాలాసేపు చూశారు. తర్వాత బండిని వెనక్కి తీసి మళ్లీ ఆపమన్నారు. ఆ పూట పదకొండుసార్లు ఆపాను.

సోమవారం వడ్రంగి మేస్త్రి వస్తున్నారు. క్యాబిన్ చట్రంలో కుడివైపు రెండు దూలాలు చెద తినేశాయి. మిగతా టేకు గట్టిగానే ఉంది. ఆ రెండింటినే మార్చి, పాత మేకుల రంధ్రాల్లోనే రేకు మళ్లీ దిగ్గొట్టగలరేమో చూడమని అడగాలి. తలుపు మాత్రం విప్పనివ్వను.